మానిటర్ పెంచే ముందు స్టేజీ తగ్గించండి

తమ్ముడూ,

వాయించేదీ మీరే, మిక్సర్ చూసుకునేదీ మీరే అంటున్నారు కాబట్టి ఇది రాస్తున్నా. "నాకు నా గొంతు వినపడట్లేదు" అని ఎవరైనా అనగానే చెయ్యి మానిటర్ (పాడేవాళ్లూ వాయించేవాళ్లూ తమను తాము వినేందుకు స్టేజీ మీద పెట్టే స్పీకర్) నాబ్ మీదికి పోతుంది. పోనివ్వొద్దు. ఆ గొంతును ఏది కప్పేస్తోందో ముందు కనిపెట్టి, దాన్ని తగ్గించండి. చిన్న స్టేజీ మీద అది చాలాసార్లు గిటార్ యాంపే. కింద నేల మీద పెడితే దాని సౌండంతా వాయించేవాడి మోకాళ్లకు తగులుతుంది. చెవికి పదును అందక అతను ఇంకా పెంచుతాడు. దాన్ని కుర్చీ మీదికి ఎక్కించండి, లేదా చెవి వైపు వాలేలా పెట్టండి. తనే తగ్గించుకుంటాడు.

సౌండ్‌చెక్‌లో మొదట డ్రమ్స్, బేస్, గిటార్ పీఏ (జనానికి వినిపించే హాలు స్పీకర్లు) లేకుండా వాయించండి. దాని మీద గొంతు నిలబడేంత మానిటర్ ఇవ్వండి. హాలు స్పీకర్లు ఆఖర్న తెరవండి. వాటి తక్కువ ఫ్రీక్వెన్సీలు (బరువైన సౌండ్) స్టేజీ మీదికి తిరిగొస్తాయి కాబట్టి మానిటర్లు అప్పుడు మరోసారి విని సరిచూడాలి.

గెయిన్ (మైకు సిగ్నల్‌ను మిక్సర్‌లోకి వచ్చేటప్పుడే పెంచే నాబ్) మొదట్లోనే తేల్చేయండి. డిజిటల్ మిక్సర్ అయితే మామూలుగా పాడేటప్పుడు మీటర్ మైనస్ 18 డీబీ (డెసిబెల్) దగ్గర ఆడాలి, గొంతెత్తినా మైనస్ 6 దాటకూడదు. షో మొదలయ్యాక గెయిన్ ముట్టుకోవద్దు, ఒక్కటి కదిపితే అందరి మానిటర్లూ మారిపోతాయి. మానిటర్ ఆక్స్‌లు (మిక్సర్ నుంచి మానిటర్లకు సౌండ్ పంపే దారులు) ప్రీ-ఫేడర్‌లో, అంటే హాలు లెవల్ జరిపే ఫేడర్‌కు ముందే తీసుకునేలా ఉండాలి. లేకపోతే హాలు కోసం ఫేడర్ జరిపినప్పుడల్లా పాడేవాళ్ల లెవల్ కూడా జరుగుతుంది. గొంతు మైకులకు 100 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (అంతకన్నా కింది ఫ్రీక్వెన్సీలను కోసేది) వెయ్యండి.

ఇక ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్ సౌండ్ మళ్లీ మైకులోకి పోయి కుయ్‌మనడం. సగం సమస్య మానిటర్ పెట్టే చోటుతోనే తీరుతుంది. కార్డియాయిడ్ మైక్ (ముందు వైపు ఎక్కువ వినే రకం) సరిగ్గా వెనక నుంచి తక్కువ వింటుంది కాబట్టి మానిటర్ మైకు వెనక సూటిగా ఉండాలి. సూపర్ కార్డియాయిడ్‌కు (ముందు వైపు ఇంకా ఇరుకుగా వినే రకం) వెనక కూడా కొంచెం వినికిడి ఉంటుంది, బాగా చెవుడుండేది ముందు నుంచి 125 డిగ్రీల దగ్గర. దానికి మానిటర్ పక్కగా జరపాలి. మైకు తల చేత్తో మూసి పాడేవాళ్లకు గట్టిగా చెప్పండి, వెనక రంధ్రాలు మూసుకుపోతే ఆ మైక్ అన్ని వైపులా వింటుంది, కుయ్‌మంటుంది.

తర్వాత రింగ్ తియ్యడం. షోలో వాడే మైకులన్నీ తెరిచి, ఒక మానిటర్ మెల్లగా పెంచండి. ఏ స్వరం పట్టుకుని మోగుతుందో విని, ఆ ఆక్స్ మీదున్న గ్రాఫిక్ ఈక్యూలో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే మీటలు) ఆ ఫ్రీక్వెన్సీ 3 డీబీ కొయ్యండి. మళ్లీ పెంచండి. మూడు నాలుగు కోతలతో ఆపెయ్యాలి. అంతకు మించితే గొంతు మొద్దుబారి, వినపడక, మళ్లీ లెవల్ పెంచమంటారు. పడ్డ కష్టమంతా వృథా. అంతా అయ్యాక అక్కడి నుంచి 3 నుంచి 6 డీబీ దించి వదిలెయ్యండి.

గొంతు మీద కంప్రెసర్ (గట్టి సౌండ్‌ను అణిచి లెవల్ సమం చేసేది) వేసి, ఆక్స్ దాని తర్వాత నుంచి తీసుకుంటుంటే జాగ్రత్త. పాడని క్షణాల్లో మేకప్ గెయిన్ (అణిచినదానికి బదులు తిరిగి పెంచే లెవల్) వల్ల మైకు లెవల్ పైకే ఉంటుంది, ఫీడ్‌బ్యాక్ అప్పుడే పట్టుకుంటుంది. పాడని మైకులు మ్యూట్ చెయ్యండి, తెరిచిన మైకులు రెట్టింపైతే ఫీడ్‌బ్యాక్‌కు ముందు ఉండే వెసులుబాటు 3 డీబీ తగ్గుతుంది.

మానిటర్‌లో ఎవరికి అవసరమైంది వాళ్లకే. పాడేవాళ్లకు తమ గొంతు, శ్రుతి చెప్పే ఒక వాయిద్యం చాలు. డ్రమ్మర్‌కు బేస్, గొంతు. కీబోర్డుకు యాంప్ లేకపోతే అతనికి మానిటరే ఆధారం, ముందు కీబోర్డు వెయ్యండి. ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే మానిటర్) వాడేవాళ్లు రెండు చెవులకూ పెట్టుకోవాలి, లిమిటర్ (సౌండ్ హద్దు దాటకుండా ఆపేది) తప్పనిసరి. ఒకటి తీసేస్తే రెండోదాన్ని పెంచుకుంటారు, పోయేది చెవే.

హమ్ (గుయ్‌మనే కరెంటు చప్పుడు) వస్తే డీఐ బాక్సు (వాయిద్యాన్ని మిక్సర్‌కు కలిపే పెట్టె) మీది గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తియ్యొద్దు, ప్రాణం పోతుంది.

పాట మధ్యలో కుయ్‌మంటే కంగారుగా అన్నీ మ్యూట్ చెయ్యకండి. ఆఖరున ఎవరిది పెంచారో ఆ ఆక్స్‌లో ఆ ఒక్క ఛానెల్ 3 డీబీ దించండి. మిక్సర్ మీద ఒక్కరి చెయ్యే ఉండాలి. మిగతావాళ్లు వాయిద్యం చూపించి, వేలు పైకో కిందికో చూపిస్తే సరిపోతుంది.