పోర్ట్ సెక్యూరిటీ గ్రాంట్‌లో ఏ ఖర్చులు ఒప్పుకుంటారు, మ్యాచ్ (మన సొంత వాటా) ఎంత చూపించాలి?

మీ ప్రశ్న చదివానండి. హ్యూస్టన్ షిప్ ఛానల్ మీద ఒక ప్రైవేట్ టెర్మినల్‌లో ఫైనాన్స్‌లో చేరారు, అమెరికా విపత్తుల నిర్వహణ సంస్థ ఫెమా ఇచ్చే పోర్ట్ సెక్యూరిటీ గ్రాంట్‌కి బడ్జెట్ వేయమన్నారు, కెమెరాలు, గేటు దగ్గర కార్డ్ రీడర్లు, కొత్త కంచె, ఒక పికప్, గార్డుల జీతాలు అన్నీ కలిపి పెట్టొచ్చా అని అడిగారు. అమెరికా గల్ఫ్ తీరంలో కొన్నేళ్లుగా ఈ గ్రాంట్ లెక్కలే చూస్తున్నాను కాబట్టి సూటిగా చెప్తాను: మొదటి మూడూ పెట్టండి, పికప్, జీతాలు తీసేయండి. రోజువారీ డ్యూటీకి వాడే బండి, మామూలు కాపలా జీతం వ్యాపారం నడపడానికి అయ్యే ఖర్చు కిందకే వస్తాయి, గ్రాంట్ వాటికి కాదు. ఉద్యోగులు పోర్ట్‌లోకి వెళ్లడానికి ఉండే ట్విక్ అనే గుర్తింపు కార్డు ఫీజు కూడా ఇవ్వరు, కానీ ఆ కార్డును చదివే రీడర్‌కి మాత్రం ఇస్తారు. ట్రైనింగ్‌కి, డ్రిల్‌కి గార్డులను పంపినప్పుడు అయ్యే ఓవర్‌టైమ్‌ని ఫెమా ఇచ్చే గ్రాంట్ నోటీసులోని షరతులకు లోబడి అడగొచ్చు. ఆయుధాలు, తూటాలు అడగకండి. కంట్రోల్ రూమ్‌కి సోఫాలు, టీవీ, వినోదం కోసం శాటిలైట్ కనెక్షన్ లాంటివి కుదరవని నోటీసులోనే పేర్లు పెట్టి మరీ రాస్తారు.

అసలు మీ కంపెనీకి అర్హత ఉందో లేదో ముందు చూడండి. 2002 నాటి మారిటైమ్ ట్రాన్స్‌పోర్టేషన్ సెక్యూరిటీ యాక్ట్ కింద వచ్చిన గ్రాంట్ ఇది, కాబట్టి ఆ చట్టం పరిధిలోకి వచ్చే టెర్మినల్‌కి కోస్ట్ గార్డ్ ఆమోదించిన ఫెసిలిటీ సెక్యూరిటీ ప్లాన్ ఉండాలి. మీ సెక్యూరిటీ ఆఫీసర్‌ని అడిగితే చూపిస్తారు. ఆయన్ని మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టుకోండి, ఈ బడ్జెట్ ఫైనాన్స్ వాళ్లు ఒక్కళ్లే వేసేది కాదు.

ఎక్కువమంది తడబడేది మ్యాచ్ దగ్గర. లాభాపేక్షతో నడిచే ప్రైవేట్ కంపెనీ ప్రాజెక్టు మొత్తం ఖర్చులో 50 శాతం భరించాలి, ప్రభుత్వ సంస్థ అయితే 25 శాతం. ఈ శాతం మొత్తం ఖర్చు మీద, ఫెడరల్ వాటా మీద కాదు. ఒక పోర్ట్ అథారిటీ 3 లక్షల డాలర్లు అడిగిందనుకోండి, అందులో 25 శాతం అని 75 వేలు చూపిస్తే తక్కువైనట్టే, చూపించాల్సింది లక్ష, ఎందుకంటే మొత్తం 4 లక్షలు, అందులో పావు వంతు లక్ష. మీకు లెక్క ఇంకా తేలిక, అడిగినంతా మీరూ పెట్టాలి. మొత్తం 25 వేల డాలర్లు దాటని చిన్న ప్రాజెక్టుకి మ్యాచ్ అక్కర్లేదని చట్టంలోనే ఉంది. మ్యాచ్ కింద చూపేది కూడా గ్రాంట్‌లో ఒప్పుకునే ఖర్చే అయ్యుండాలి, వేరే ఫెడరల్ డబ్బుని తెచ్చి ఇందులో చూపకూడదు. పోయినేడు మీరు కొన్న కెమెరాలు ఇప్పుడు మ్యాచ్‌గా పనికిరావు, అవార్డుకి, అంటే గ్రాంట్ మంజూరుకి, ముందు పెట్టిన సెక్యూరిటీ ఖర్చు తిరిగివ్వరు.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది పర్యావరణ, చారిత్రక కట్టడాల రివ్యూ, అందరూ ఈహెచ్‌పీ అంటారు. అవార్డు లెటర్ రాగానే పని మొదలెట్టేయొచ్చు అనుకుంటారు, అలా కుదరదు. కెమెరా స్తంభానికి నేలలో గొయ్యి తవ్వినా, పాత గోడకి డ్రిల్ వేసి బ్రాకెట్ బిగించినా ముందు ఆ ఆమోదం రావాలి. నాకు తెలిసిన ఒక టెర్మినల్‌లో కాంట్రాక్టర్ ఖాళీగా ఉన్నాడని వారం ముందే కంచె స్తంభాలు పాతేశారు, సిమెంట్ ఆరేలోపే ఆ కంచె ఖర్చు మొత్తం ఫెడరల్ డబ్బుకి పనికిరాకుండా పోయింది, పూర్తి ఖర్చు కంపెనీ మీదే పడింది. అందుకే ఈహెచ్‌పీ ఫారంతో పాటు ప్రతి స్తంభం పడే చోటికి ఫోటో, లోతు, వెడల్పు, కేబుల్ వెళ్లే దారి, ఆ భవనం ఎప్పుడు కట్టారో అన్నీ రాసి పంపండి. సమాచారం తక్కువైతే ప్రశ్నలు తిరిగొస్తాయి, నెలలు పోతాయి. ఖర్చు పెట్టడానికి 36 నెలలు ఇస్తారు, చూడ్డానికి బోలెడంత టైమ్ అనిపిస్తుంది కానీ ఈ రివ్యూ, కొటేషన్లు, సామాను రావడం, అన్నీ అందులోనే జరగాలి.

కెమెరాల విషయంలో ఇంకోటి. 2019 డిఫెన్స్ చట్టంలోని సెక్షన్ 889 ప్రకారం హిక్‌విజన్, దాహువా, హైటెరా, హువావే, జెడ్‌టీఈ సామాన్లు ఈ డబ్బుతో కొనకూడదు. వేరే బ్రాండ్ పేరుతో అమ్మే కెమెరా లోపల వాళ్ల సరుకే ఉండే అవకాశం ఉంది, వెండర్ నోటి మాట చాలదు, రాతపూర్వకంగా తీసుకోండి. మీ మేనేజర్‌కి ఎప్పుడూ అలవాటైన వెండర్ ఒకరుంటారు, నేరుగా ఆయనకే ఆర్డర్ ఇచ్చేద్దాం అంటారు. పోటీ లేకుండా ఇస్తే కారణం కాగితం మీద గట్టిగా ఉండాలి, ఆడిట్‌లో మొదట అడిగేది అదే.

అప్లికేషన్‌లో ఇన్వెస్ట్‌మెంట్ జస్టిఫికేషన్, అంటే ఈ ఖర్చు ఎందుకు కావాలో చెప్పే భాగం, రాసేటప్పుడు "మా కెమెరాలు పాతబడ్డాయి" అని రాయకండి. పాతబడిన సామాను మార్చడం మీ అవసరం. ఆ గేటు గుండా లోపలికి ఎవరైనా చొరబడితే ఛానల్‌కి, చుట్టుపక్కల టెర్మినళ్లకి ఏం ప్రమాదం, ఏరియా మారిటైమ్ సెక్యూరిటీ ప్లాన్‌లో గుర్తించిన ఏ లోటుని ఇది పూడుస్తుంది, అది చెప్పాలి. ఎందుకంటే మొదటి వడపోత ఆ పోర్ట్ ప్రాంతం చూసే కోస్ట్ గార్డ్ అధికారి, క్యాప్టెన్ ఆఫ్ ది పోర్ట్, దగ్గరే జరుగుతుంది, వాళ్లకి మీ ప్రాంతం బాగా తెలుసు. 2024లో దేశం మొత్తానికి ఈ గ్రాంట్ 9 కోట్ల డాలర్లు, అంతకు ముందేడు 10 కోట్లు. అడిగేవాళ్లు చాలామంది కాబట్టి కోరికల చిట్టా అంతా పెట్టకుండా బలంగా నిలబెట్టగలిగినవే పెట్టండి.

గ్రాంట్ నిర్వహణ ఖర్చుకి 5 శాతం వరకు తీసుకోవచ్చు, మీ టైమ్ షీట్లు అందులో పడతాయి, పని చేసిన రోజే రాసుకోండి. ఫెడరల్ డబ్బు తీసుకునేవాళ్లు నమోదు చేసుకునే వెబ్‌సైట్ శామ్ డాట్ గవ్‌లో కంపెనీ రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉందో లేదో ఈ వారమే చూడండి. అది ఏటా రెన్యూ చేయాలి, గడువు దగ్గర పడ్డాక అది ఆగిపోయి ఉందని తెలిస్తే పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. కంచె పాత లైన్ మీదే వేస్తున్నారా, కొత్త చోట తవ్వుతున్నారా, అది కింద రాయండి, రివ్యూకి ఏ కాగితాలు కావాలో దాన్నిబట్టి చెప్తాను.