పీకేయూ ఉంటే మెదడు ముందుగా ముసలిదవుతుందా?

ప్రశ్న: నా వయసు 43. పుట్టిన కొద్ది రోజులకే చేసిన రక్తపరీక్షలో నాకు ఫెనైల్ కీటోన్యూరియా (పీకేయూ) ఉందని తేలింది. పదహారేళ్ల దాకా పథ్యం పాటించి, ఫార్ములా (ఈ జబ్బువారికి ప్రత్యేకంగా చేసే మాంసకృత్తుల పానీయం) తాగి, తరువాత రెండూ మానేశాను. మాంసం, గుడ్లు, పాలు చిన్నప్పటి నుంచి అలవాటు లేక ఇప్పటికీ దాదాపు ముట్టను. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైంది. ఏ పనైనా ఆలస్యమవుతోంది, చేతులు సన్నగా వణుకుతున్నాయి. ఈ జబ్బు ఉన్నవారి మెదడు త్వరగా ముసలిదవుతుందని చదివినప్పటి నుంచి భయం పట్టుకుంది. ఇది డిమెన్షియాకు మొదలా? మెదడు వయసు తెలిపే స్కాన్ చేయించుకోవాలా? ఇప్పుడు పథ్యం మళ్లీ మొదలుపెడితే ఉపయోగం ఉంటుందా?
– ఒక పాఠకుడు

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఉపయోగం ఉంటుంది, నలభై దాటాక అయినా సరే. కానీ రేపటి నుంచే సొంతంగా మొదలుపెట్టకండి. కారణం కాసేపట్లో చెబుతాను.

ఆహారంలోని మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లమైన ఫెనైల్‌ఎలనిన్‌ను టైరోసిన్‌గా మార్చే ఎంజైము కాలేయంలో ఉంటుంది. మీలో అది పనిచేయదు, లేదా అరకొరగా పనిచేస్తుంది. దాంతో ఫెనైల్‌ఎలనిన్ రక్తంలో పేరుకుంటుంది. రక్తం నుంచి మెదడులోకి వెళ్లడానికి దీనికీ, ఇలాంటి అమైనో ఆమ్లాలే అయిన టైరోసిన్‌కూ, ట్రిప్టోఫాన్‌కూ ఉన్నది ఒకటే ద్వారం. ఒకరు గుంపుగా వచ్చి ద్వారానికి అడ్డుపడితే మిగతావారు బయటే ఆగిపోతారు కదా, ఇక్కడా అంతే. మెదడులో సందేశాలు మోసే డోపమిన్, సెరటోనిన్ తయారీకి కావలసిన ముడిసరుకు మెదడుకు చాలదు. పనిలో మందకొడితనం, ఏకాగ్రత కుదరకపోవడం, దిగులు, వణుకు ఇందువల్ల రావచ్చు. నాడీ తంతువులను కప్పి ఉంచే మైలిన్ పొర కూడా దెబ్బతింటుంది. ఎమ్మారైలో తెల్ల పదార్థంలో కనిపించే మచ్చలు అవే. ఫెనైల్‌ఎలనిన్‌ను కొన్ని నెలలు అదుపులో ఉంచితే ఆ మచ్చలు చాలామందిలో కొంతైనా తగ్గుతాయి. ముసలితనపు మార్పులు ఇలా వెనక్కి పోవు. అందుకే మీ లక్షణాలకు వయసును నిందించడానికి నేను తొందరపడను.

డిమెన్షియా సంగతికి వస్తే, పీకేయూను నార్వే వైద్యుడు ఫోలింగ్ 1934లో గుర్తించారు. పథ్యంతో చికిత్స 1950లలో వచ్చింది. పసికందు మడమ నుంచి తీసిన రక్తపు బొట్టుతో పరీక్షించే పద్ధతి 1960లలో వ్యాపించింది. అంటే పుట్టిన వెంటనే చికిత్స అందిన తొలి తరం ఇప్పుడిప్పుడే అరవైలలోకి వస్తోంది. ఎనభై ఏళ్లకు వారి జ్ఞాపకశక్తి ఎలా ఉంటుందో ఇంకా ఎవరూ చూడలేదు. మీరు చదివిన వార్త ఎంత ధీమాగా రాసినా సరే.

ఇక ‘మెదడు వయసు’. ఆరోగ్యవంతుల ఎమ్మారైలు వేలకొద్దీ చూపి శిక్షణ ఇచ్చిన కంప్యూటర్, మీ మెదడు ఏ వయసువారి మెదడును పోలి ఉందో అంచనా కడుతుంది. రెండు బృందాలను పోల్చే పరిశోధకులకు అది పనికొస్తుంది. మీ ఒక్కరి విషయంలో ఆ అంకె 43 బదులు 48 అని వచ్చినా మీ చికిత్సలో ఏమీ మారదు. దానికోసం స్కాన్ వద్దు. న్యూరాలజిస్టు మీ నడక, కండరాల బిగుతు, వణుకు పరీక్షించి మామూలు ఎమ్మారై అడిగితే మాత్రం తప్పక చేయించుకోండి.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన మాట వేరు. మాంసం, గుడ్లు, పాలు ముట్టనన్నారు, ఫార్ములా కూడా మానేశారు. ఫార్ములా తాగినన్నాళ్లూ విటమిన్ బి12 మీకు దాని నుంచే అందేది. దాని లోపం ఒక్కటే మతిమరుపు, పాదాల్లో తిమ్మిరి, తూలుడు తేగలదు. ఆలస్యమైతే నరాలకు శాశ్వత నష్టం. రక్తంలో బి12 మామూలుగా కనిపించినా కణాలకు చాలకపోవచ్చు కాబట్టి, అలా చాలనప్పుడు రక్తంలో పెరిగే మిథైల్ మలోనిక్ ఆమ్లం, హోమోసిస్టీన్ పరీక్షలూ కోరండి. థైరాయిడ్, మధుమేహం, రక్తపోటు కూడా చూడాలి.

ఫెనైల్‌ఎలనిన్ పరీక్ష ఎలాగూ తప్పదు. పెద్దల్లో లీటరుకు 600 మైక్రోమోల్స్ దాటకూడదని యూరప్ మార్గదర్శకాలు, 360 దాటకూడదని అమెరికావి చెబుతాయి. లక్షణాలు ఉన్నవారి విషయంలో నేను 360 వైపే మొగ్గుతాను.

సొంతంగా వద్దని ఎందుకన్నానంటే, ఫార్ములా లేకుండా తిండి మాత్రమే తగ్గిస్తే శరీరం తన కండరాలనే కరిగించుకుంటుంది. అందులోంచి వచ్చే ఫెనైల్‌ఎలనిన్ రక్తంలో కలుస్తుంది. పథ్యం చేస్తున్నా అంకె పెరుగుతుంది! ఉపవాసాలు, బరువు తగ్గించే కఠిన నియమాలు, జ్వరం చేసేదీ ఇదే. జీవక్రియ జబ్బుల నిపుణుడు, డైటీషియన్ కలిసి లెక్క వేసి ఇవ్వాలి. ఆస్పర్టేమ్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిపిన పానీయాలు మాత్రం ఈరోజే ఆపవచ్చు. అందులో ఫెనైల్‌ఎలనిన్ ఉంటుంది. ఆస్పర్టేమ్ ఉన్న మందులైతే వైద్యుడిని అడిగి ప్రత్యామ్నాయం తీసుకోండి.

పథ్యం ఒక్కటే దారి కాదు. ఎంజైము కొంతైనా మిగిలి ఉన్నవారిలో సాప్రోటెరిన్ మాత్రలు పనిచేస్తాయి. పెద్దలకు పెగ్‌వాలియేజ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2018లో అనుమతి లభించింది. బాగా పనిచేసే మందే, కానీ తీవ్రమైన అలర్జీ రావచ్చు కాబట్టి ఎడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గర ఉంచుకోవాలి.

వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు మిమ్మల్ని రోజూ చూసేవారిని వెంట తీసుకెళ్లండి. ఫెనైల్‌ఎలనిన్ ఎక్కువగా ఉన్నవారు తమలోని మందకొడితనాన్ని తామే సరిగా పసిగట్టలేరు. వెంట వచ్చినవారు చెప్పేది రాసి పెట్టించండి. చికిత్స మొదలైన ఆరు నెలలకు పోల్చి చూసుకోవచ్చు.