వచ్చే కాంట్రాక్ట్‌ను నమ్ముకుని ఇప్పుడే అప్పా?

ప్రశ్న: మాది గుంటూరు. తొమ్మిదేళ్లుగా ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) నర్సుగా పని చేస్తున్నాను. గ్రేటర్ మాంచెస్టర్‌లో ఉంటాం. మా ఆయన ఇక్కడి వాడే, ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్. మీరు పేరు వినే స్థాయి కాదు. 31 ఏళ్లు, డిఫెండర్. 13 ఏళ్లలో తొమ్మిది క్లబ్బులు మారాడు. ఎక్కువగా లీగ్ టూ, అంటే ఇక్కడ నాలుగో అంచె, మధ్యలో రెండేళ్లు దాని కిందిదైన నేషనల్ లీగ్. ఇప్పుడు వారానికి 1,500 పౌండ్లు వస్తున్నాయి, పన్నులు, పింఛను కోతలు పోను నెలకు 4,500 దాకా చేతికందుతుంది. ఈ జూన్‌తో కాంట్రాక్ట్ అయిపోతుంది. నా జీతం చేతికి 2,300. మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు), పాప నర్సరీ ఫీజు, కారు వాయిదా అన్నీ కలిపి ఖర్చు 3,400. 52,000 పౌండ్లు దాచాం. దగ్గర్లో ఒక టెర్రస్ ఇల్లు (వరుసలో గోడలు కలిసి ఉండేది) వేలానికి వస్తోంది, 1,40,000కి దొరకొచ్చు. దాని మీద 98,000 బ్రిడ్జింగ్ లోన్, అంటే మామూలు మార్ట్‌గేజ్ వచ్చేదాకా కొద్ది నెలలకి ఇచ్చే అప్పు, ఇస్తామంటున్నారు. నెలకు 1 శాతం వడ్డీ, 2 శాతం ఫీజు, 12 నెలల గడువు. రిపేర్లకు నా పేరు మీద 15,000 పర్సనల్ లోన్. బాగు చేయించి అద్దెకిచ్చి, ఏడాది లోపు మామూలు మార్ట్‌గేజ్‌లోకి మార్చేద్దామని మా ఆయన ఆలోచన. కాంట్రాక్ట్ ఎలాగూ వస్తుందంటాడు. చాలకపోతే బంగారం తాకట్టు పెట్టి పంపుతానని నాన్న అంటున్నారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని అమ్మ అంటోంది. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: వద్దు. ఈ ఒక్క మాట చెప్పి ఊరుకుందామనుకున్నాను. కానీ ఈ ఉత్తరంలో ఫుట్‌బాల్ అన్న మాట తీసేసి ఐటీ కాంట్రాక్ట్ అని రాస్తే, పోయిన ఏడాది నాకు వచ్చిన ఉత్తరాల్లో పది దాకా ఇలాగే ఉంటాయి. రెన్యువల్ ఎలాగూ వస్తుంది కదా అని దాని మీద అప్పు తీసుకోవడం మన వాళ్లలో బాగా పెరిగింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మీ అమ్మగారి మాట. ఆవిడ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఆవిడ ఇల్లు చక్కబెట్టుకోమన్నారు, ఇంకో ఇల్లు కొనమనలేదు.

ఇప్పుడు మీ లెక్కే కాగితం మీద పెడదాం. ఇంటి ధరలో మీరు వేసుకోవాల్సింది 42,000. ఇది రెండో ఇల్లు కాబట్టి స్టాంప్ డ్యూటీలో అదనపు 5 శాతం పడుతుంది, 2024 అక్టోబర్ 31 నుంచి అది 3 కాదు, 5. మొత్తం స్టాంప్ డ్యూటీ 7,300. లోన్ ఫీజు 1,960. లాయరుకి పైసా ఇవ్వకముందే మీ 52,000లో మిగిలింది 740 పౌండ్లు. వేలంలో సుత్తి పడగానే పది శాతం కట్టాలి, మామూలుగా 28 రోజుల్లో మిగతాదంతా కట్టాలి. మనసు మారిందంటే ఆ పది శాతం పోయినట్టే.

ఇక జులై. మీ ఆయనకి జూన్ 30 తర్వాత జీతం లేదనుకోండి. ఇంటి ఖర్చు 3,400, బ్రిడ్జింగ్ వడ్డీ 980, పర్సనల్ లోన్ వాయిదా ఐదేళ్లకైనా 300 దాటుతుంది. 4,680 బయటికి, 2,300 లోపలికి. నెలకు 2,380 లోటు, చేతిలో 740. పది రోజులు కూడా గడవదు. వడ్డీ ఇప్పుడు కట్టక్కర్లేదు, అసలులో కలుపుతామని కొందరు చెప్తారు. అది ఉపకారం అనుకోకండి, అప్పుడు అది మీ ఇంటి విలువలోంచి తింటుంది.

ఏడాదికి మామూలు మార్ట్‌గేజ్‌లోకి మార్చేస్తాం అన్నారు. అప్పిచ్చేవాడు అద్దె వడ్డీకి సరిపోతుందా అని చూస్తాడు, దాంతో పాటు మీ పే స్లిప్పులూ అడుగుతాడు. జూన్‌లో ఆగిపోయిన పే స్లిప్ చూపించి లోన్ అడిగితే ఏమంటాడో మీరే ఊహించుకోండి. గడువు దాటిన బ్రిడ్జింగ్ లోన్ అంటే ఇల్లు అయినకాడికి అమ్ముకోవడం. అన్నట్టు, ఫుట్‌బాల్‌లో లోన్ అంటే వేరే క్లబ్బుకి కొన్నాళ్లు ఆడి తిరిగి రావడం. మీ ఆయన అలాంటి లోన్ల మీద కూడా వెళ్లే ఉంటాడు. ఆ లోన్‌లో గడువు అయిపోతే ఇంటికి వస్తారు. ఈ లోన్‌లో గడువు అయిపోతే ఇల్లే పోతుంది.

కాంట్రాక్ట్ ఎలాగూ వస్తుందన్న ధీమా గురించి. ఇది ఆయన తప్పు కూడా కాదేమో, తొమ్మిదిసార్లు వచ్చింది కాబట్టి పదోసారీ వస్తుందనిపిస్తుంది. కానీ ఆ తొమ్మిదిసార్ల మధ్యలో ఏం జరిగిందో ఆయన్ని కూర్చోబెట్టి అడగండి. మే నెలలో క్లబ్బు ఎవరిని ఉంచుకుంటోందో, ఎవరిని వదిలేస్తోందో జాబితా పెడుతుంది. వదిలేసినవాళ్లు జులైలో ఎక్కడో ఒక క్లబ్బులో ట్రయల్‌కి వెళ్తారు. ప్రీ-సీజన్ మ్యాచ్ జట్టు జాబితాలో వాళ్ల పేరు కూడా ఉండదు, ట్రయలిస్ట్ అని ఉంటుంది. పదమూడేళ్లు ఆడిన మనిషి పేరు లేకుండా మైదానంలోకి దిగుతాడు. అక్కడ నచ్చితే జనవరి దాకా ఒక చిన్న కాంట్రాక్ట్, లేదంటే నెల నెలా. 24 ఏళ్లప్పుడు ఇది సాహసంలా ఉంటుంది. 31కి, మోకాలికో నడుముకో ఒక రిపోర్టు చేరాక, క్లబ్బులు ముందు ఆ రిపోర్టే చూస్తాయి.

జేమీ వార్డీ కథ ఇలాంటి ఇళ్లన్నిట్లోనూ వినిపిస్తుంది. కింది లీగుల్లో ఆడినవాడు 2012లో ఫ్లీట్‌వుడ్ నుంచి లెస్టర్‌కి పది లక్షల పౌండ్లకు వెళ్లాడు, 2016లో ప్రీమియర్ లీగే గెలిచాడు. మంచి కథే, కాదనను. లెస్టర్‌కి వెళ్లేనాటికి ఆయనకి 25.

మీకు దగ్గర్లోనే ఉన్న కథ ఇంకోటి ఉంది. బరీ. 1885 నాటి క్లబ్బు, ఎఫ్‌ఏ కప్పు రెండుసార్లు గెలిచింది. 2019లో లీగ్ టూ నుంచి లీగ్ వన్‌కి ప్రమోట్ అయింది, అంటే ఆటగాళ్లు తమ పని చక్కగా చేశారు. ఆ నెలల్లోనే వాళ్ల జీతాలు ఆగిపోయాయి. ఆగస్టు 27న ఈ లీగులను నడిపే ఈఎఫ్‌ఎల్ సంస్థ క్లబ్బును లీగ్ నుంచే తీసేసింది. లీగ్ వన్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే ముగిసిపోయింది. ఆ మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో మాక్లెస్‌ఫీల్డ్ టౌన్ అనే ఇంకో క్లబ్బుని హైకోర్టు మూసేయమంది. అక్కడా అంతకుముందే జీతాల గొడవ నడిచింది. ఇవెందుకు చెప్తున్నానంటే, కాంట్రాక్ట్ రాకపోవడం ఒక్కటే కాదు, చేతిలో కాంట్రాక్ట్ ఉన్నా జీతం రాని నెలలు ఈ ఉద్యోగంలో ఉంటాయి. ఆ నెలలు మీ బ్రిడ్జింగ్ కంపెనీకి పట్టవు.

అందుకే నా పాత పాటే మళ్లీ పాడతాను. ఎమర్జెన్సీ ఫండ్. మామూలు ఉద్యోగస్తులకి ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీ ఇంటికి పన్నెండు నెలలు. కారణం మీ ఆయన ఉద్యోగం ఏ నెలలో పోవచ్చో క్యాలెండర్‌లో ముందే రాసి ఉంది, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో మాత్రం రాసిలేదు. పైగా దొరికేది ఎక్కడో తెలీదు. గ్రిమ్స్‌బీ కావచ్చు, ఎక్సెటర్ కావచ్చు. మీ ఉద్యోగం, పాప నర్సరీ ఇక్కడ. ఆయన వారంలో నాలుగు రాత్రులు ఒక గది అద్దెకి తీసుకోవాలి, లేదా నలుగురు ఆటగాళ్లు కలిసి ఒకే కారులో రోజూ మోటర్‌వే మీద రెండు గంటలు వెళ్లి రావాలి. వాళ్ల భాషలో దీన్ని కార్ స్కూల్ అంటారు. ఆ అద్దె, ఆ పెట్రోలు ఇప్పటి మీ 3,400లో లేవు.

మీ ఖర్చుకి పన్నెండు నెలలంటే 40,800. మీ దగ్గర 52,000 ఉన్నాయి. అంటే మీకు కావాల్సిన ఫండ్ ఇప్పటికే మీ దగ్గర ఉంది! మీరిద్దరూ దాన్ని పెట్టుబడి డబ్బు అనుకుంటున్నారు, అదే తేడా. ఆ 40,800 ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలో ఉంచండి, వడ్డీ కాస్త తక్కువైనా సరే. మిగతా 11,200 గురించి ఆగస్టులో మాట్లాడుకుందాం. జూన్ దాకా ఇప్పటిలాగే ఆదా చేస్తే దానికి ఇంకొంత కలుస్తుంది కూడా.

మంచి కాంట్రాక్టే వచ్చినా ఈ ఫండ్ ఎందుకంటారా? ఒక లెక్క చూడండి. వచ్చే సీజన్లో ఆయన ఇంకో మెట్టు కిందున్న నేషనల్ లీగ్ నార్త్‌లో పార్ట్‌టైమ్‌గా వారానికి 600కి ఆడాల్సి వచ్చిందనుకుందాం. చేతికి నెలకు 2,150 దాకా వస్తుంది. మీ 2,300తో కలిపి 4,450. అప్పు లేకపోతే ఇల్లు హాయిగా నడుస్తుంది, ఆయన మిగతా రోజుల్లో ఇంకో పని నేర్చుకోవచ్చు. అప్పు ఉంటే 4,680 ఖర్చు, అదే జీతం లోటులో ఉంటుంది. ఇల్లు అదే, మనుషులు వాళ్లే, తేడా అంతా ఆ వేలంలో ఎత్తిన చెయ్యే.

రెండో సంగతి ఇన్సూరెన్స్. ఇక్కడ దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. ఆటగాడి కాళ్లకి ఇన్సూరెన్స్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతారు. వెతకండి, కానీ ఆ వయసులో, పాత గాయాలతో, మామూలు కంపెనీలు ఇచ్చే ఇన్‌కమ్ ప్రొటెక్షన్ పాలసీ (జబ్బు, గాయంతో పని ఆగితే జీతంలో కొంత ఇచ్చేది) ఆయనకి దొరకడం కష్టం. దొరికినా ఆ మోకాలిని మినహాయిస్తారు, ప్రీమియం గుండె గుభేలుమనేలా ఉంటుంది. ఆటగాళ్ల సంఘం పీఎఫ్‌ఏ సభ్యులకి కొంత కవర్ ఉంటుంది. అది ఎంతో, ఎప్పుడు వర్తిస్తుందో కాగితం తెప్పించుకుని ఇద్దరూ చదవండి. నేను అడిగిన ఆటగాళ్లలో ఒక్కరూ దాన్ని చదవలేదు. టర్మ్ లైఫ్ పాలసీ మాత్రం ఆయనకి మామూలుగానే దొరుకుతుంది. మార్ట్‌గేజ్ తీరేంత మొత్తానికి వెంటనే తీసుకోండి.

అసలు ఇన్సూరెన్స్ కావాల్సింది మీకు, అమ్మా. ఈ ఇంట్లో 12 నెలలూ వచ్చే జీతం మీది ఒక్కటే. ఇల్లు నిలబడింది ఫుట్‌బాల్ మీద కాదు, మీ నైట్ డ్యూటీల మీద. తొమ్మిదేళ్ల సర్వీసు ఉంది కాబట్టి అనారోగ్యం వస్తే ఎన్‌హెచ్‌ఎస్ ఆరు నెలలు పూర్తి జీతం, తర్వాత ఆరు నెలలు సగం జీతం ఇస్తుంది. కాబట్టి మీ ఇన్‌కమ్ ప్రొటెక్షన్ పాలసీలో వెయిటింగ్ పీరియడ్ (డబ్బు రావడం మొదలయ్యేదాకా ఆగే కాలం) పన్నెండు నెలలు పెట్టించుకోండి, ప్రీమియం బాగా తగ్గుతుంది. నాలుగు వారాలు అని పెట్టి అమ్మజూపుతారు, ఒప్పుకోకండి. ఎన్‌హెచ్‌ఎస్ పింఛనులోంచి బయటికి వస్తే జీతం ఎక్కువ కనిపిస్తుందని వార్డులో ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. అందులో ఉన్నంత కాలం డెత్ ఇన్ సర్వీస్ కింద జీతానికి రెండింతలు కుటుంబానికి వస్తాయి.

మిగతావి చిన్న మాటల్లో చెప్పేస్తాను. ఆయన పింఛను డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. పాత రోజుల్లో ఆటగాళ్లు 35కే తీసుకునేవాళ్లు, ఇప్పుడు 55, 2028 ఏప్రిల్ నుంచి 57. కోచింగ్ బ్యాడ్జీలకి, చదువుకి పీఎఫ్‌ఏ సాయం చేస్తుంది, ఆడుతున్నప్పుడే మొదలుపెట్టమనండి. కారు వాయిదా పీసీపీ (చివర్లో పెద్ద మొత్తం మిగిలే కారు ఫైనాన్స్) అయితే, సగం కట్టేశాక కారు తిరిగి ఇచ్చేసే హక్కు మీకుంది. లీగ్ టూ ట్రైనింగ్ గ్రౌండ్ పార్కింగ్ చూస్తే ప్రీమియర్ లీగ్ అనుకుంటాం, ఆ పోటీలో మీరు ఉండక్కర్లేదు. అద్దె ఇల్లు అంటే నాకు ద్వేషం లేదు. కానీ 2020 ఏప్రిల్ నుంచి వడ్డీ మీద వచ్చే పన్ను ఊరట 20 శాతమే, ఆయన 40 శాతం శ్లాబులో ఉన్నంత కాలం అద్దె లాభం మీరనుకున్నంత ఉండదు. రెండేళ్ల కాంట్రాక్ట్ సంతకమై, ఫండ్ ముట్టుకోకుండా డిపాజిట్ కూడితే, మామూలు మార్ట్‌గేజ్‌తో అప్పుడు కొనండి.

నాన్నగారి బంగారం గురించి అసలు చర్చే వద్దు. గుంటూరులో తాకట్టు, మాంచెస్టర్‌లో వడ్డీ, రెండు చోట్లా గడువు. ఈ రాత్రే ఆయనకి ఫోన్ చేసి నగలు లాకర్‌లోంచి తియ్యొద్దని చెప్పండి. వేలానికి మీ ఆయన చూడ్డానికైనా వెళ్తానంటే వెళ్లనివ్వండి, డెబిట్ కార్డు మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.