హారతి కర్పూరం, ద్రవ్యనిత్యత్వం

సందేహం: ‘ఆస్తంతా హారతి కర్పూరంలా హరించుకుపోయింది’ అంటాం. మా అమ్మాయి సైన్సు పుస్తకమేమో ‘ద్రవ్యనిత్యత్వ నియమం’ అంటుంది, రసాయన చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదని. కర్పూరం వెలిగిస్తే ఏమీ మిగలదు కదా, ఇంక నిత్యమేంటి? పైగా ఒక వీడియోలో ‘ద్రవ్యరాశి సంరక్షణ నియమం’ అన్నారు. ఏది సరైంది?

సమాధానం: ఆ నానుడికి వచ్చిన ఢోకా ఏం లేదండి. హరించడమంటే ఎత్తుకుపోవడం కూడా. సీతాహరణం అన్నాం గానీ సీత మాయమైపోలేదు కదా, లంకలో ఉంది. కర్పూరం సంగతీ అంతే. 152 గ్రాముల కర్పూరం పూర్తిగా మండాలంటే గాలిలోంచి 432 గ్రాముల ఆక్సిజన్ కావాలి, తయారయ్యేది 440 గ్రాముల కార్బన్ డయాక్సైడు, 144 గ్రాముల నీటి ఆవిరి. ఎటు కూడినా 584. కంటికి కనపడనివి రెండూ గాలిలో కలిసిపోతాయి కాబట్టి మనకు ఖాళీ పళ్లెం మిగులుతుంది. (నిజం హారతిలో లెక్క ఇంత శుభ్రంగా తేలదు, పూర్తిగా మండని కార్బన్ మసిగా పైకి లేస్తుంది.)

అందుకే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లెవోయిజర్ 1774లో తగరాన్ని గాజు పాత్రలో పెట్టి, గాలి చొరకుండా మూసేసి వేడిచేశాడు. తగరం కొంత భస్మమైంది, మొత్తం బరువు మాత్రం మారలేదు. పాత్ర తెరిచాకే బయటిగాలి బుస్సున లోపలికి దూరి బరువు పెరిగింది. వాయువులు వచ్చిపోయే చర్యల్ని మూత లేకుండా తూచితే ఈ నియమం తప్పినట్టే కనపడుతుంది.

ఇక మాట సంగతి. నిత్యత్వమే బాగుంది. సంరక్షణ అంటే ఎవరో పూనుకుని కాపాడాలి, అడవుల్నో పిల్లల్నో. ఇక్కడ కాపాడేవాళ్లెవరూ లేరు, మొత్తం అదే మారకుండా ఉంటుంది. హిందీ పుస్తకాల్లో ‘సంరక్షణ్’ అనే ఉంటుంది, ఆ వీడియోలోకి అక్కణ్ణుంచే దిగి ఉంటుంది. మనకు శక్తి నిత్యత్వం, ద్రవ్యవేగ నిత్యత్వం ఎప్పట్నుంచో అలవాటైన మాటలే.

నా పేచీ అల్లా ‘ద్రవ్య’ దగ్గర. ద్రవ్యనిత్యత్వం అనగానే కర్పూరం కర్పూరంగానే ఉండాలేమో అనిపిస్తుంది, మీకొచ్చిన అనుమానం కూడా అక్కడిదే. మారనిది రాశి, పదార్థం కాదు. కాబట్టి ‘ద్రవ్యరాశి నిత్యత్వ నియమం’ అంటే ఇంకా స్పష్టం. పరీక్షలో మాత్రం అమ్మాయిని పుస్తకంలో ఉన్నదే రాయనివ్వండి, మార్కుల దగ్గర నా అభిరుచి చెల్లదు.