పేరు తరవాత, ముందు కనబడింది రాసుకో

చిరంజీవి శ్రీనుకి పెద్దమ్మ ఆశీస్సులు.

పక్షుల సర్వే పని మీద బద్వేలు వైపు అడవికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ముప్ఫై ఏళ్ళు జువాలజీ పాఠం చెప్పాను కాబట్టి, ఒక్క విషయం నీ చెవిన వెయ్యాలని ఉంది. నోటుబుక్కు ఎలా రాయాలన్నది.

పిట్ట కనబడగానే పేరు రాసెయ్యకు. కంటికి కనబడింది రాయి: ఎంత ఉంది, ఏ రంగు ఎక్కడ ఉంది, ఏం చేస్తోంది, ఎలా కూసింది, టైమెంత. ఉద్యోగంలో చేరిన కొత్తలో సిద్ధవటం దగ్గర ఓ సాయంత్రం ఒక పిట్టను చూసి, లాటిన్ పేరొక్కటే రాసుకున్నాను. పదేళ్ళ తరవాత ఆ పేజీ తీస్తే అది ఆ పిట్టేనా అని నాకే అనుమానం. తేల్చుకుందామంటే పేజీలో రంగూ లేదు, కూతా లేదు. ఆ బాధ నాకిప్పటికీ పోలేదు.

నువ్వు వెళ్ళే చోటు కలివికోడి అనే అరుదైన పిట్టది. దాని కథ నీకు తెలిసే ఉంటుంది గానీ, నేను చెప్పే కోణంలో మళ్ళీ విను. నెల్లూరులో పనిచేసిన డాక్టరు జెర్డాన్ దాన్ని శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చాడు. 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి లాటిన్ పేరు పెట్టాడు. రొమ్ము మీద రెండు పట్టీలుంటాయి కదా, ఆ పేరుకి అర్థం అదే. 1900 తరవాత అది శాస్త్రజ్ఞుల కంటపడలేదు. ఇక అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా తిరిగి, బొమ్మ చూపించి జనాన్ని అడిగారు. చివరికి దాన్ని పట్టింది ఆ ఊళ్ళ మనిషే, అదీ రాత్రిపూట, టార్చి వెలుగులో. అంతకు ముందు వెతికినవాళ్ళు పగలు వెతికారు. అదేమో రాత్రి తిరిగే పిట్ట.

రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడు. లాటిన్ పేరు దాని రొమ్ము ఎలా ఉంటుందో చెబుతుంది. మన పేరు అది ఎక్కడ దొరుకుతుందో చెబుతుంది: కలివి పొదల్లో. అందుకే గొర్రెలు కాసేవాళ్ళు, యానాదులు, కట్టెలకొచ్చే ఆడవాళ్ళు చెప్పే పేరు వాళ్ళ నోట ఎలా వస్తే అలాగే రాసుకో. ఎవరు చెప్పారు, ఏ ఊరు అన్నదీ రాయి. నువ్వు సరిదిద్దొద్దు. జెర్డాన్ కూడా తన పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు పొందుపరిచాడు. వాళ్ళని పెద్దాయనా, అవ్వా అని పిలిచి, కూర్చుని అడుగు. నిలబడి ప్రశ్నలు గుప్పిస్తే ఎవరూ నోరు విప్పరు.

అక్కడ ఇంకో పద్ధతి చూస్తావు. పొదల మధ్య నేల మీద మెత్తటి మట్టి పట్టీలా పరిచి, తెల్లారి అడుగులు చూస్తారు. కలివికోడికి ముందు వేళ్ళు మూడే, వెనక వేలుండదు. కౌజు పిట్టకి ఉంటుంది. తీతువు అడుగుతో మాత్రం పొరబడే వీలుంది, అందుకని స్కేలు పక్కన పెట్టి కొలువు, ఫోటో తియ్యి, బొమ్మ కూడా గియ్యి. ఎండ ఎక్కకముందే వెళ్ళు. ఏటవాలు వెలుగులో అడుగు అంచులు నీడ పట్టి స్పష్టంగా కనబడతాయి, తొమ్మిది దాటితే చదునైపోతాయి. ఏ అడుగూ లేని రోజు "ఏమీ లేదు" అని తేదీతో సహా రాయి. ఆ ఖాళీ రోజులు కూడా లెక్కే. 2005లో తెలుగుగంగ కాలువ పని ఆ పొదల్లోకి వచ్చినప్పుడు, దారి మార్చమని అడగడానికి ఆధారమైంది ఇలాంటి ఓపిక పనే.

పెన్సిలే వాడు, వానకి ఇంకు కరిగిపోతుంది. గూడు కనబడితే దగ్గరికి పోకు. ఎక్కడ చూశావో వాట్సాప్‌లో పెట్టకు, మీ సార్‌కి మాత్రం చెప్పు.

దసరాకి వచ్చేటప్పుడు నోటుబుక్కు తీసుకురా. ఫెయిర్ కాపీ కాదు, మట్టి అంటిన అసలుదే.

మీ పెద్దమ్మ