మెడ పాఠం పొద్దున్నే పెట్టు

తల్లీ,

గృహహింస, లైంగిక హింస కేసుల్లో ఎలా నడుచుకోవాలో పోలీసులకీ, నర్సులకీ, కౌన్సెలర్లకీ శిక్షణ ఇవ్వబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఛాతీ ఉప్పొంగింది. ఆ వెంటనే గుండె గుబగుబలాడింది కూడా. నువ్వు పంపిన ప్రణాళిక రెండుసార్లు చదివాను. రెండు రోజులకి 96 స్లైడ్లా! అందులో అరవై చట్టం సెక్షన్లేనా! సెక్షన్లు పుస్తకంలో ఉంటాయి, కావలసినప్పుడు తీసి చూసుకుంటారు. దెబ్బలు తిన్న ఆమె తలుపు తీశాక మొదటి పది నిమిషాల్లో పుస్తకం తీసే వీలుండదు. నీ శిక్షణంతా ఆ పది నిమిషాల కోసమే అనుకో.

తేలికవి ముందు చెప్పేస్తాను, గొంతు నులమడం గురించిన మెడ పాఠం ఆ తర్వాత. ఆమెనీ, కొట్టినవాణ్నీ విడదీయాలి. మాట వినపడనంత దూరం మాత్రమే చాలదు, చూపు కూడా తగలకూడదు. ఆమె నోరు మూయించడానికి అతని చూపొక్కటి చాలు. పిల్లల్ని దుబాసీలుగా వాడకూడదు, అతని చుట్టాల్ని అసలే వాడకూడదు. "ఎందుకు" అన్న మాటతో ప్రశ్న మొదలుపెట్టకూడదు. "ఎందుకు అరవలేదు" అంటే ఆమెకి నింద వినపడుతుంది, "అప్పుడు మీకు ఏమనిపించింది" అంటే జవాబు వస్తుంది. "మీరు" అన్నది చూశావా? "నువ్వు"కి అలవాటుపడ్డ నాలుకని "మీరు"కి తిప్పడానికే ఒక పూట పడుతుంది. ఆ పూట దండగ కాదు.

జరిగింది మొదటి నుంచీ వరసగా చెప్పమని పట్టుబట్టొద్దని నేర్పు. భయం మింగేసినప్పుడు జ్ఞాపకం ముక్కలుగా మిగులుతుంది: ఒక వాసన, ఒక చప్పుడు, గోడ రంగు. "మీకు గుర్తున్న చోటి నుంచే చెప్పండి" అని, ఆమె ఆగినప్పుడు తామూ ఆగడం నేర్చుకోవాలి. కొందరు పెనుగులాడరు, కొయ్యబారిపోతారు. అది ఒప్పుకోవడం కాదు, శరీరం తనంతట తాను చేసే పని.

లైంగిక దాడి కేసులో బట్టలు ప్లాస్టిక్ సంచిలో కుక్కితే చెమ్మకి బూజు పట్టి సాక్ష్యం నాశనమవుతుంది. ఆరనిచ్చి, ఒక్కొక్కటీ వేరు వేరు కాగితం సంచుల్లో పెట్టాలి. ఒంటి మీది నమూనాలకి కొన్నిచోట్ల 72 గంటలు, కొన్నిచోట్ల 120 గంటలు గడువు పెట్టుకున్నారు. స్నానం చేసేసిందనో, గడువు దాటిందనో ఎవర్నీ తిప్పి పంపకూడదు. సాక్ష్యం పోయినా వైద్యం మిగిలే ఉంటుంది. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అత్యవసర గర్భనిరోధక మాత్రలకి 120 గంటల వరకూ సమయం ఉంది, అక్కడా ఆలస్యమయ్యే కొద్దీ ఫలితం తగ్గుతుంది. ఇక యోనిలో వేళ్లు పెట్టి చూసే రెండు వేళ్ల పరీక్ష గురించి క్లాసులో ఎవరైనా ఎత్తితే చర్చకి కూర్చోకు. దానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. కన్యత్వ పరీక్షలన్నీ ఎత్తెయ్యమని 2018లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి సంస్థలు కలిసి చెప్పాయి.

ఇప్పుడు అసలు సంగతి. నీ ప్రణాళికలో ఇది ఎక్కడా లేదు, అందుకే నా కోపం.

ఈ రంగంలో ఏళ్ల తరబడి జరిగిన తప్పు ఒకటుంది. ఆమె "మెడ పట్టుకున్నాడండీ" అంటుంది. వచ్చిన పోలీసులు మెడ చూస్తారు, ఏ గుర్తూ కనపడదు. "తోపులాట, గాయాలు లేవు" అని రాసి వెళ్లిపోతారు. 2001లో వచ్చిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని శాన్ డియాగోలో గొంతు నులిమిన 300 కేసుల కాగితాలు తిరగేస్తే, సగం మందికి పైకి గాయమే కనపడలేదని తేలింది. ఫోటోకి అందేంత గుర్తున్నవి నూటికి పదిహేనే. చామనచాయ, నల్లని ఒంటి మీద కమిలిన మచ్చ ఇంకా కష్టంగా కనపడుతుంది. మెడ రక్తనాళాల్లో రక్తం ఆగితే పది సెకన్లలో స్పృహ తప్పొచ్చు, కొద్ది నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. బతికి బయటపడ్డా లోపలి రక్తనాళం చిరిగి ఉంటే గంటలకో, రోజులకో పక్షవాతం రావచ్చు. 2008లో వచ్చిన మరో అధ్యయనంలో, అంతకుముందు భాగస్వామి గొంతు నులిమిన స్త్రీలు అతని చేతిలోనే హతమయ్యే అవకాశం ఏడు రెట్లు దాటి కనిపించింది. "గాయాలు లేవు" అని రాసిన కాగితంలో ఉన్నది ఈ మనిషే.

ఇందులో ఇంకో ఘోరం ఉంది. ఊపిరి కోసం గింజుకుంటూ ఆమె గీరుతుంది, కొరుకుతుంది. అతని ముంజేతుల మీద, మొహం మీద గోటి గీతలుంటాయి, ఆమె మెడ నున్నగా ఉంటుంది. వచ్చినవాళ్లు ఎవర్ని పట్టుకెళ్తారో నువ్వే ఊహించు. కాబట్టి గాయాలు లెక్కపెట్టడం కాదు, ఏ గాయం ఎలా తగులుతుందో చదవడం నేర్పు. ఆమె గడ్డం కింద చిన్న గీతలుంటే అవి ఆమె గోళ్లవే కావచ్చు, అతని వేళ్లు ఊడదీయబోయి గీసుకున్నవి.

అడగాల్సినవి బట్టీ పట్టించు. ఒక చేతితోనా, రెండు చేతులతోనా, మోచేతి మడతలోనా, గుడ్డతోనా? ఎంతసేపు, ఎన్నిసార్లు? అప్పుడు అతను ఏమన్నాడు? కళ్లు చీకట్లు కమ్మాయా, చెవులు గింగురుమన్నాయా? కొంతసేపు ఏమీ గుర్తులేదా? గొంతు మారిందా, మింగితే నొప్పా? చివరగా, గొంతు బాగా తగ్గించి, బట్టల్లో మూత్రం పడిందా అని. సిగ్గుతో ఆమె తనంతట చెప్పదు. కానీ స్పృహ తప్పిందనడానికి అది పెద్ద ఆనవాలు. చూడాల్సింది మెడ ఒక్కటే కాదు: చెవుల వెనక, కనురెప్పల లోపల, నోట్లో, జుట్టు పాపిడిలో ఎర్రటి చుక్కలు. ఫోటోలు ఆరోజే కాదు, ఒకటి రెండు రోజులయ్యాక మళ్లీ తియ్యాలి, కొన్ని మచ్చలు అప్పుడే పైకి తేలతాయి. ఊపిరి ఇబ్బంది, గొంతు బొంగురు, స్పృహ తప్పడం, కడుపుతో ఉండటం, వీటిలో ఏ ఒక్కటున్నా ప్రశ్నలు ఆపి ఆస్పత్రికి పంపాలి. రాసేటప్పుడు ఆమె "పీక పిసికాడు" అంటే పీక పిసికాడనే రాయాలి. దాన్ని నాజూకు చేసే హక్కు కలం పట్టినవాడికి లేదు.

అరెస్టు చేస్తే పని అయిపోయిందని మాత్రం చెప్పకు. 1981-82లో అమెరికాలోని మినియాపొలిస్‌లో చేసిన ప్రయోగం అరెస్టు మళ్లీ కొట్టడాన్ని తగ్గిస్తుందంది. వేరే ఊళ్లలో అదే చేస్తే ఫలితాలు ఒక్కలా రాలేదు. ఆమె విడిపోతానన్న వారాలే ఎక్కువ ప్రమాదం. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు 1985లో తయారుచేసిన ప్రమాద అంచనా పట్టిక ఇలాంటి వాటినే అడుగుతుంది: తుపాకీ ఉందా, చంపుతానన్నాడా, ఈమధ్యే విడిపోయారా, గొంతు నులిమాడా. ఆ ప్రశ్నలు స్లైడ్ మీద చూపించి వదిలెయ్యకు, జంటలుగా కూర్చోబెట్టి ఒకరినొకరు అడిగించు.

క్లాసు గురించి కూడా ఒక మాట. పాతికమంది దాటనివ్వకు. ఆ పాతికలో హింస అనుభవించినవాళ్లుంటారు, ఇంట్లో చెయ్యి చేసుకునేవాళ్లూ ఉంటారు. బయటికి వెళ్లి రావచ్చని మొదటే చెప్పు. దెబ్బలు తిన్న మనిషిని నిలబెట్టి కథ చెప్పించడం వద్దు. అందరూ కళ్లు తుడుచుకుంటారు, సోమవారం పని మాత్రం పాతలాగే ఉంటుంది. జోకు వస్తుంది, తప్పకుండా వస్తుంది. నవ్వకు. మంచి పేరు కోసం నువ్వు ఒక్కసారి నవ్వావా, మిగిలిన రోజు వాళ్లదే. అలాగని విరుచుకుపడకు కూడా. "ఆ మాట వాంగ్మూలం ఇస్తున్నామెకి వినపడితే?" అని అడిగి పాఠంలోకి వెళ్లిపో.

పై అధికారుల్ని ముందు కూర్చోబెట్టు. కింది వాళ్లు సరిగ్గా రాసింది పైవాళ్లు కొట్టేస్తే నీ రెండు రోజులూ గాలికి పోతాయి. మూడు నెలలకి వెళ్లి పది రిపోర్టులు తీయించి, "గాయాలు లేవు" అని ఎన్నిట్లో ఉందో, వాటిలో మెడ గురించి అడిగింది ఎన్నిట్లోనో లెక్క చూడు.

మెడ పాఠం మొదటి రోజు పొద్దున్నే పెట్టు, భోజనాలయ్యాక కునికిపాట్లు పడే వేళకి వద్దు. స్లైడ్లు నలభైకి కోసి మళ్లీ పంపు. శిక్షణ అయిన రాత్రి ఒంటరిగా ఉండకు, అమ్మ దగ్గరికి వెళ్లు. ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

నీ పెద్దమ్మ