బెలీజ్‌కి తవ్వకాలు నేర్చుకోవడానికి వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

మధ్య అమెరికాలోని బెలీజ్‌లో, పాత మాయా నగరాల తవ్వకాలు నేర్పే ఫీల్డ్ స్కూల్‌లో సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. నీకన్నా తనకే ఎక్కువ టెన్షన్‌గా ఉన్నట్టుంది. "అక్కడ పాములుంటాయట కదక్కా" అని ఒకటే గోల. ఉంటాయి. ఆ సంగతి తరవాత. ఫీజు ఇంకా కట్టలేదన్నావు కాబట్టి ముందు అది చూద్దాం.

ఈ సీజన్‌కి బెలీజ్ ప్రభుత్వ పురావస్తు సంస్థ పర్మిట్ ఆ ప్రాజెక్టుకి ఉందో లేదో అడుగు. తిండి, బస ఫీజులోనే కలిశాయా, యూనివర్సిటీ క్రెడిట్లకి వేరే కట్టాలా? ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎంతమంది విద్యార్థులు? ల్యాబ్ పని కూడా నేర్పుతారా? ఎవరైనా వెకిలిగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పాలో కాగితం మీద ఉందా? ఈ ఆఖరిది అడగడానికి మొహమాటపడకు. జవాబు చెప్పడానికి నసిగితే, ఎంత పేరున్న ప్రొఫెసరైనా సరే, అక్కడికి వెళ్ళొద్దు. ఆర్కియలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా వాళ్ళు మొదటిసారి తవ్వకాలకి వెళ్ళేవాళ్ళ కోసం వాల్డ్‌బామ్ స్కాలర్‌షిప్ ఇస్తారు, గడువు చూసుకో. అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నావు కాబట్టి కాలేజీ ఇచ్చిన ఐ-20 కాగితం మీద ట్రావెల్ సంతకం ఏడాది దాటకుండా ఉండాలి. బెలీజ్ వీసా గురించి వాళ్ళ కాన్సులేట్‌నే అడుగు, వాట్సాప్ గ్రూపుల్ని నమ్ముకోకు.

ఇక అసలు పని. తవ్వడం తొందరగానే పట్టుబడుతుంది. చూసింది చూసినట్టు రాయడమే తొందరగా రాదు, నువ్వు వెళ్ళేది దానికే అనుకో. మాయా వాళ్ళు చాలాసార్లు పాత కట్టడాన్ని అలాగే ఉంచి, దాని మీదే రాళ్ళూ మట్టీ నింపి కొత్త సున్నపు గచ్చు పోసేవాళ్ళు. అందుకే గుంట గోడలో ఒకదాని కింద ఒకటి తెల్లటి గీతలు కనిపిస్తాయి. ఒక్కో గీత ఒక్కో గచ్చు. గచ్చు చెక్కుచెదరకుండా ఉంటే దాని కిందున్నదంతా ఆ గచ్చు కన్నా పాతది. అది చూసుకోకుండా కిందికి తవ్వేశావా, రెండు కాలాల కుండ పెంకులు ఒకే సంచిలో పడతాయి. తరవాత వాటిని ఎవరూ విడదీయలేరు.

మట్టిలో తాపీ మెత్తగా పోతుంది, గచ్చు తగలగానే గరగరమంటుంది. బాగా అరిగిన గచ్చయితే ఆ చప్పుడూ ఉండదు, కాస్త తెల్లపొడిలా కనిపిస్తుందంతే. అనుమానం వస్తే ఆగి, నీళ్ళు చిలకరించి చూడు. మట్టి ఎండితే రంగులు కలిసిపోతాయి, తడిలో తేడా తెలుస్తుంది. ఏం కనిపించిందో అక్కడే, అప్పుడే పెన్సిల్‌తో రాయి. అదేమై ఉంటుందన్న నీ ఊహ విడిగా రాసుకో. సంచి మీదా లోపలా కూడా చీటీ ఉండాలి. ల్యాబ్‌లో పెంకుల్ని అంట్లు తోమినట్టు తోమకు, పైపూత లేచిపోతుంది. విరిగిన అంచులు మాత్రం శుభ్రంగా కడుగు, ఏ మట్టితో చేశారో అక్కడే తెలుస్తుంది.

ఇంత చాదస్తం ఎందుకంటావేమో. క్రీ.శ. 642లో, ఇప్పటి బెలీజ్‌లో ఉన్న కరకోల్ అనే మాయా నగరపు రాజు రెండో కాన్ చిత్రలిపితో ఒక మెట్ల వరస చెక్కించాడు. దాని పలకలు చాలావరకు గ్వాటెమాలాలోని నరాంహో అనే పాత మాయా నగరంలో దొరికాయి. వాటిలో లేని రెండు పలకలు 2016లో పురావస్తు శాస్త్రవేత్త హైమే ఆవే బృందం బెలీజ్‌లోని షునాన్‌టునిచ్ అనే మాయా శిథిల నగరంలో తవ్వుతుంటే, ఒక కట్టడం మెట్లకి అటూ ఇటూ బయటపడ్డాయి. అవే ఏ దొంగల చేతిలోనో పడి మార్కెట్‌కి వచ్చి ఉంటే చెక్కిన అక్షరాలు చదువుకునేవాళ్ళం. ఎవరో ఇంత దూరం మోసుకొచ్చి తమ మెట్ల పక్కన పెట్టుకున్నారన్న సంగతి మాత్రం పోయేది. నాకు ఆ అక్షరాల కన్నా ఆ చోటే ముఖ్యమనిపిస్తుంది.

షునాన్‌టునిచ్‌కి ఎదురుగా సాన్ హోసే సకోట్స్ అనే ఊరుంది. అక్కడివాళ్ళు చాలామంది తవ్వకాల్లో పనిచేస్తారు. నీ గుంటలో అలాంటి పెద్దాయన ఉంటే నీ అదృష్టం, ఆయన చెయ్యి ఎలా కదులుతోందో చూడు. "మాయా వాళ్ళు అంతరించిపోయారు" అని మాత్రం అక్కడ నోరు జారకు. మోపాన్, కెక్చి, యుకాటెక్ మాయా కుటుంబాలు ఇప్పటికీ బెలీజ్‌లో ఉన్నాయి.

మీ అమ్మ పాముల సంగతికొస్తే, అక్కడి ఫెర్-డి-లాన్స్ అనే విషప్పాము మన రక్తపింజర కుటుంబానిదే. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకు, పొద్దున్నే గుంట మీది పట్టా కర్రతో ఎత్తు. బూట్లు ఇప్పుడే కొని తొడుక్కుని నడువు, కొత్తవి అక్కడ కాళ్ళు కొట్టేస్తాయి. జూన్‌లో వానలు మొదలవుతాయి, అయినా నిండు చేతుల చొక్కానే వేసుకో. బెలీజ్‌లో మలేరియా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది గానీ డెంగీ ఉంది. చర్మంలో పిల్ల పురుగు పెట్టే బాట్‌ఫ్లై అనే ఈగ కూడా ఉంది, అది మీ అమ్మకి చెప్పకు. హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు కూడా ఇచ్చే ఇన్సూరెన్స్ తీసుకో.

తిండికి దిగులు లేదు. అన్నం, చిక్కుడు గింజలు, కోడి కూర. గింజల్లో పంది తోక వేస్తారు, తిననంటే ముందే చెప్పు. మేరీ షార్ప్స్ వాళ్ళ హబనేరో మిరపకాయల సాస్ ఉండగా ఆవకాయ మోసుకెళ్ళడం దండగ.

అబ్సిడియన్ అనే అగ్నిపర్వతపు గాజురాయి ముక్క ఎంత చిన్నదైనా జేబులో వేసుకోకు, అక్కడ పురాతన వస్తువులన్నీ ప్రభుత్వానివే. సమాధి దొరికితే ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకు. ఆఖర్లో గుంటలు పూడ్చాలి, నడుం విరిగే పని. తప్పించుకుని ముందురోజే విమానం ఎక్కేవాళ్ళని ఎవరూ మళ్ళీ పిలవరు, టికెట్ అది చూసుకుని బుక్ చెయ్యి. నోట్‌బుక్ ప్రాజెక్టుకే ఇచ్చేయాలి. పేజీలు ఫోటో తీసుకోనిస్తే గుంట గోడల బొమ్మలు నాకు పంపు.

పెద్దమ్మ